ఒకరోజు ముందొచ్చిన అర్జునుడు

వరదమ్మ తమ్ముడి సంచి సర్దుతోంది. కాషాయ పంచె, రుద్రాక్షలు, విభూతి పొట్లం, మోకాళ్ళకు పట్టీలు. అరవై దాటిన మునెయ్య పలమనేరు దగ్గర ద్రౌపదమ్మ గుడి ముందు రోజుల తరబడి ఆడే భారతంలో అర్జునుడి వేషం కట్టి, నిలువు తాటిమాను ఎక్కి తపస్సు చెయ్యాలి. కింద బిడ్డల కోసం మొక్కుకున్న ఆడవాళ్ళు కొంగు పట్టి నిలబడితే పైనుంచి నిమ్మకాయలు విసరాలి.

“ఎక్కేది సరే, తిరిగి ఇంటికొస్తావా రా?”

“రాకుంటే పాశుపతం ఎవురు తెస్తారక్కా!”

వరదమ్మ నవ్వలేదు. బస్సెక్కినవాళ్ళు తిరిగొస్తారని ఆమెకు ఏనాడూ నమ్మకం లేదు.

మునెయ్య మనవరాలు లోహిత, తాత వేషాలు కట్టే నాటక మేళానికి వెబ్‌సైట్ చేసింది. ఆన్‌లైన్ క్యాలెండర్‌లో ఆటల తేదీలు ఎక్కిస్తే చాలు, ఆమె రాసిన జావాస్క్రిప్ట్ కోడ్ వాటిని తెచ్చి సైట్లో చూపిస్తుంది. అందులో ‘అర్జున తపస్సు, మంగళవారం’ అని చూసే మునెయ్య ఆ మంగళవారం తెల్లారి తిరుచానూరులో మొదటి బస్సెక్కాడు.

మధ్యాహ్నం ఫోను. “అక్కా, ఈడ ఇంకా మానే పాతలేదు, యాడెక్కేది? తపస్సు రేపంట! పిలకాయలు కూడా నవ్వుతాండారు.”

మాను లేకుంటే పడేదీ లేదని వరదమ్మ ఊపిరి పీల్చుకుంది.

“క్యాలెండర్లో బుధవారమనే ఉండాది అవ్వా, సైటే తప్పు చూపిస్తాంది!” లోహిత ముఖం కందిపోయింది.

“భారతం కడాన అగ్నిగుండం ఏ రోజని ఉండాది?”

“శనివారం.”

“నీ ఇల్లు బంగారంగానూ! నిప్పు తొక్కేది ఆదివారం గదే!”

“అయితే అన్నీ ఒకరోజు ముందుకు జరిగినాయి!”

లోహిత రాసిన కోడ్‌లో ఒక్క వరుస తేదీని గ్రీన్‌విచ్ గడియారం ప్రకారం తీసుకుంటోంది. మనకు అర్ధరాత్రి దాటి తేదీ మారినా, అక్కడ ఇంకా ముందురోజు సాయంత్రమే. ఆ వరుస మార్చగానే అగ్నిగుండం ఆదివారానికి వచ్చి కూర్చుంది.

బుధవారం వీడియోలో తపస్సు నడుస్తున్నంతసేపూ వరదమ్మ కళ్ళు మూసుకునే ఉంది.

“దిగినాడా?”

“దిగినాడవ్వా, కండ్లు తెరువు!”

ఆదివారం మునెయ్యే ఫోన్ చేశాడు. పని లేని ఆ మంగళవారం అతను మేళానికి అన్నం వండే శకుంతలమ్మ ఇంట్లో కూర్చున్నాడట. మునెయ్యలాగే ఆమెకూ జోడు లేదు. ఆవులకు మేత వేస్తూ, పద్యాలు పాడుతూ పొద్దు గడిపాడట.

“ఈడే ఉండిపొమ్మంటాంది అక్కా. ఏం చెప్పేది?”

“సరేనని చెప్పు రా, సిగ్గెందుకు! ఘాట్ మీది ఊరు, రాత్రిళ్ళు చల్లగా ఉంటాది, నీ దుప్పటి పంపిస్తా.”

లోహిత ఎగిరి గంతేసింది. వరదమ్మ నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

పోయినేడు మే నెలలో, ఆ మంగళవారం తెల్లారి బస్సెక్కిన మునెయ్య శకుంతలమ్మ దగ్గరే ఉండిపోయి, తిరుచానూరు ఇంటికి మళ్ళీ రాలేదు.