కిటికీ దగ్గర చూడని రంగు

స్కూల్లో డ్రాయింగు చెప్పే మాస్టారికి ఇంట్లోవాళ్ళు పెట్టిన పేరు రంగుల మంత్రి. గోడలకు రంగు వేయించాలన్నా, కర్టెన్లు కొనాలన్నా, పెళ్ళికి బట్టలు ఎంచాలన్నా ముందు అతని మాట తీసుకోవాల్సిందే. అందుకే అతని చెల్లెలు కారు కొనడానికి వెళ్తూ, భర్తను పిల్లల దగ్గర వదిలేసి, అన్నను వెంటబెట్టుకుని వెళ్ళింది.

ఆ చెల్లెలిని అందరూ పిట్ట అంటారు. చిన్నప్పుడు పుల్లలా ఉండేది, నోరు మాత్రం వీధి చివరిదాకా వినబడేది. లిఫ్టులు బాగుచేసే మెకానిక్కుగా మొదలుపెట్టి, ఇప్పుడు సొంతంగా లిఫ్టుల సర్వీసు కంపెనీ నడుపుతోంది. ఆమె కొంటున్నది మామూలు కారు కాదు. రెండే తలుపులతో, నేలను రాసుకుంటూ పోయే స్పోర్ట్స్ కారు. ఒంటి రంగు, అద్దాల చుట్టూ పట్టీ, చక్రాలు, ముందరి జాలీ అన్నీ కొనేవాళ్ళు చెప్పినట్టే ఫ్యాక్టరీలో తయారవుతాయి.

అలాంటి కార్ల బొమ్మలు మాస్టారు చిన్నతనంలో లెక్కల నోటుబుక్కుల అంచుల నిండా గీసేవాడు. పెద్దయ్యాక కొంటానని ఇంట్లో అందరికీ చెప్పేవాడు. ఇప్పుడు అతను నడిపేది ఎవరో వాడి వదిలేసిన చిన్న కారు. దాని ఎడమవైపు అద్దం ఒకసారి దించితే మళ్ళీ పైకి ఎక్కదు.

షోరూములోకి అడుగు పెట్టగానే టై కట్టుకున్న సేల్స్ కుర్రాడు నేరుగా మాస్టారి దగ్గరికి వచ్చి చెయ్యి కలిపాడు. సార్ టేస్టు చాలా గొప్పదన్నాడు, స్టీరింగు వెనక కూర్చోబెట్టాడు, సీటు సర్దాడు. మాస్టారు కాదనలేదు. ఆ కాసేపూ స్టీరింగు పట్టుకుని కూర్చున్నాడు. అంతలో పిట్ట వెనకనుంచి, కొనేది తానని చెప్పింది. సేల్స్ కుర్రాడు నాలుక కరుచుకుని, క్షమించమంటూ ఆమె వైపు తిరిగాడు. పిట్ట పకపకా నవ్వేసింది. అందులో వెటకారం లేదు, ఆమె దేనికైనా అలాగే నవ్వుతుంది. మాస్టారు కూడా నవ్వి కారు దిగాడు. దిగేటప్పుడు తల పైకప్పుకు తగిలింది. ఎవరూ చూడలేదు.

రంగులు చూపించడానికి వాళ్ళను లోపలి గదిలోకి తీసుకెళ్ళారు. గోడ పొడవునా కారు రంగులు వేసిన అరచేయంత రేకుముక్కలు వరసగా వేలాడుతున్నాయి. పైన పసుపుపచ్చని దీపాలు. మూలన ఒక్కటే కిటికీ. పిట్ట వెళ్ళీ వెళ్ళగానే ఒక నీలం ముక్క తీసింది. చిక్కటి నీలం, కాస్త వంచితే లోపల ఎక్కడో ఊదా మెరుస్తుంది. మాస్టారికి చూడగానే తెలిసిపోయింది, ఆ కారు ఒంపులకు అంతకన్నా మంచి రంగు లేదని. తనది అయితే అదే తీసుకునేవాడు.

"నీలం అందరూ వేయించుకునేదే కదా పిట్టా," అన్నాడు.

ఆ మాట ఎలా వచ్చిందో అతనికే తెలియలేదు. కానీ దాని వెనకాల వచ్చినవన్నీ తెలిసే వచ్చాయి. నీలంలో కారు చిన్నదిగా కనబడుతుందన్నాడు. గోడ మీది నుంచి ఆకుపచ్చ కలిసిన గోధుమరంగు ముక్క ఒకటి తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఆ పసుపు దీపాల కింద అది పాత బంగారంలా ఉంది. ఎండలోకి వెళితే బురదలా తేలుతుందని అతనికి తెలుసు. రంగు ఏదైనా పగటి వెలుగులోనే చూడాలని ఏటా పిల్లలకు చెప్పే మొదటి పాఠం అదే.

పిట్ట ముక్కను అటూ ఇటూ తిప్పింది. "కిటికీ దగ్గర పెట్టి చూద్దామా అన్నయ్యా?"

"ఎందుకూ? నేను చూస్తున్నాగా," అన్నాడు మాస్టారు. అంటూనే ఆమెకూ కిటికీకీ మధ్య వచ్చి నిలబడ్డాడు.

ఇక మిగతావి సులువైపోయాయి. అద్దాల చుట్టూ నల్లపట్టీ బదులు తళతళలాడే క్రోమ్ పట్టీ చెప్పాడు. ముందరి జాలీకీ క్రోమే. బానెట్ మీద నిలువుగా రెండు ఎర్రచారలు. సేల్స్ కుర్రాడు ఒకసారి ఏదో అనబోయి, కొనేవాళ్ళ మాటకు ఎదురెందుకని ఊరుకున్నాడు. పిట్ట అన్నింటికీ తలూపింది. బయటికి వచ్చాక, నువ్వు రాకపోతే అందరిలాగా నీలమే వేయించుకునేదాన్నని అన్న భుజం తట్టింది.

ఆ సాయంత్రం ఆమె, షోరూమువాళ్ళు కంప్యూటర్లో తయారుచేసి ఇచ్చిన కారు బొమ్మ చుట్టాలందరికీ పంపింది. కింద, ఎంపిక మా అన్నయ్యది అని రాసింది. మాస్టారి భార్య వంటింట్లోంచి ఫోను పట్టుకుని వచ్చింది. బొమ్మ వంక చూసింది, మొగుడి వంక చూసింది.

"ఇది మీరు ఎంచిందేనా?" అని అడిగింది.

అవునన్నాడు. ఆమె ఇంకేమీ అనకుండా లోపలికి వెళ్ళిపోయింది. అంతకన్నా నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది అతనికి. తేలు కుట్టిన దొంగలా గదిలోనే తిరిగాడు. మర్నాడు క్లాసులో ఆకుల బొమ్మలు వేయిస్తూ, రంగు కలిపినవాళ్ళు వెలుగులోకి వచ్చి చూసుకోండర్రా అనబోయాడు. పిల్లలు కుంచెలు పట్టుకుని అతని మొహం వంకే చూశారు. వాళ్ళకు వీపు చూపించి బల్ల సర్దుతున్నట్టు నటించాడు.

ఒకవేళ తానే పొరబడ్డాడేమో, ఆ రంగు నిజంగా అంత చెడ్డది కాదేమో అన్న ఆశతో బడి అయ్యాక షోరూముకు వెళ్ళాడు. రేకుముక్క అడిగి తీసుకుని వీధిలోకి వచ్చి ఎండలో పట్టుకున్నాడు. అనుకున్నదాని కన్నా అధ్వాన్నంగా ఉంది. మురుగుకాలవ అంచున ఎండిన మట్టి రంగు. దాని మీద క్రోమ్, ఎర్రచారలు ఊహించుకుని, తిరిగి లోపలికి నడిచాడు. ఆర్డరు మార్చవచ్చా అని సేల్స్ కుర్రాణ్ణి అడిగాడు. వారాంతం దాకా మార్చవచ్చు, కానీ మేడమే చెప్పాలన్నాడతను. మాస్టారు రేకుముక్క తిరిగి ఇచ్చేసి బయటికి వచ్చాడు.

అక్కడి నుంచి తిన్నగా చెల్లెలి వర్క్‌షాపుకు వెళ్ళాడు. పిట్ట బల్ల మీద లిఫ్టు మోటారు ఒకటి విప్పి, చేతులకు గ్రీజుతో ఉంది. అన్నను చూసి స్టూలు కాలితో ఇటు జరిపింది. అతను కూర్చోలేదు. షోరూములో దీపాలు మోసం చేశాయనీ, రంగు మార్చుకోమనీ చెప్పాడు.

"నువ్వు రంగులో పొరపాటు పడవుగా అన్నయ్యా," అంది పిట్ట తల ఎత్తకుండా.

అది మెచ్చుకోలే. అందుకే తట్టుకోలేకపోయాడు.

"పొరపాటు కాదు. కావాలనే చెప్పాను."

స్పానరు ఆగింది. "కావాలనా? ఎందుకు?"

"నీ కారు బాగుండకూడదని."

బయట ఎవరో గొలుసు లాగుతున్న చప్పుడు. పిట్ట చేతిలో స్పానరును బల్ల మీద మెల్లగా పెట్టింది. తాను షోరూములో నవ్వినందుకా అని అడిగింది. దానికి మాత్రమే కాదన్నాడు. ఇంకా చెప్పబోయాడు, ఏ మాట వెతికినా సాకులాగే దొరికింది. ఆమె కళ్ళలో నీళ్ళు లేవు, కోపం కూడా కనబడలేదు. దారిలో తెలియని మనిషి ఎదురైతే చూసినట్టు చూసింది.

"వెళ్ళన్నయ్యా. పనుంది నాకు," అంది చివరకు.

తర్వాత రోజులు గడిచాయి. పిట్ట ఫోను చేయలేదు. చేస్తే వదినకే చేసేది. మాస్టారు ఫోను మోగినప్పుడల్లా పేపరు మొహానికి అడ్డం పెట్టుకునేవాడు. ఆర్డరు మార్చిందని భార్య ద్వారానే తెలిసింది. ఏ రంగో అడగడానికి మొహం చెల్లలేదు.

కారు వచ్చిన రోజు పిట్ట తిన్నగా వాళ్ళ ఇంటికే తెచ్చింది. మాస్టారు మేడ మీది గదిలోంచి చూశాడు. నీలమే. నల్లపట్టీలు, నల్లజాలీ, చారలు ఏమీ లేవు. వీధిలో పోయేవాళ్ళు ఆగి చూస్తున్నారు. భార్య కిందికి దిగి చుట్టూ తిరిగి మురిసిపోతోంది. అతను గది దాటి రాలేదు. పిట్ట కిందినుంచి పిలిచింది, దిగి రమ్మని, అమ్మకు చూపించడానికి వెళ్తున్నానని. ఆమె గొంతులో పాత చనువు లేదు, కసురూ లేదు. చెప్పులు ఏవో తొడుక్కుని దిగాడు.

"ఎలా ఉంది?" అంది.

"బాగుంది."

"నిజంగానా?"

అతను తల వంచుకుని, నిజంగానే అన్నాడు. తన మాటకు ఇక ఎప్పుడూ ఈ రెండో ప్రశ్న ఉంటుందని అర్థమైంది.

కారెక్కి ఆమె పక్కన కూర్చున్నాడు. అమ్మ ఇంటి సందు మలుపులో పిట్ట ఒక సంగతి చెప్పింది. మొదటి బొమ్మ చూసిన దగ్గర్నుంచీ అమ్మ ఆ సేల్స్ కుర్రాణ్ణి తిట్టిపోస్తోందట. వాడే మసిపూసి మారేడుకాయ చేసి తన పిల్లలిద్దరినీ మోసగించాడని ఇరుగుపొరుగుకు కూడా చెబుతోందట. పిట్ట మాత్రం కాదనలేదట.

"ఎందుకు చెప్పలేదు?"

"నీ సంగతి నేనెందుకు చెప్తాను?"

అమ్మ వాకిట్లోనే నిలబడి ఉంది. కారు బానెట్ మీద చెయ్యి వేసి, నున్నగా ఉందని మురిసి, ఆ వెంటనే షోరూమువాణ్ణి తిట్టడం అందుకుంది. వాడి కళ్ళు పోను, బంగారంలాంటి కారుకు బురద పూయబోయాడంది. మాస్టారు కారు తలుపు ఇంకా పట్టుకునే ఉన్నాడు.

"అతని తప్పేం లేదమ్మా. నేనే చెప్పాను ఆ రంగు. చెల్లెలి మీద కడుపుమంటతో చెప్పాను."

పక్కింటి ఆవిడ గోడ అవతల వింటూనే ఉంది. మాస్టారి చెవులు కాలిపోయాయి, అయినా అక్కడి నుంచి కదల్లేదు. అమ్మ కొడుకు మొహం చూడలేదు. కూతురి వైపు తిరిగింది.

"ఏ కిటికీ దగ్గరైనా పెట్టి చూసుకోలేదుటే?"

పిట్ట కారు తాళం సంచిలో వేసుకుంటూ, "అన్నయ్య చూస్తున్నాడు కదమ్మా," అంది.