జింకల రాయి

కళ్లద్దాల షాపాయనకు తన కళ్ల మీదే అనుమానం వచ్చింది. ఊళ్లో సగం ముక్కుల మీద కూర్చున్న ఫ్రేములు ఆయన బిగించినవే. అలాంటిది, కొన్నాళ్లుగా చిన్న స్క్రూ బిగించబోతే అది సూటిగా చూసినప్పుడు మాయమవుతోంది. పక్కకు చూస్తే మళ్లీ కనిపిస్తోంది. ఇదేం విడ్డూరమో ఆయనకు అర్థం కాలేదు. కన్ను చేసే పని వేలికి అప్పజెప్పి, తడుముకుంటూ బిగిస్తున్నాడు.

పోనీ పరీక్ష చేసుకుందామంటే అదో చిక్కు. పొద్దున షాపు తెరవగానే, ఎవరూ రాకముందే, గోడ మీది అక్షరాల చార్టుకు ఎదురుగా కూర్చుని ఒక కన్ను మూసుకుని చదివేవాడు. పై వరస నుంచి అట్టడుగు వరస దాకా గడగడా వచ్చేసేది. హమ్మయ్య అనుకునేవాడు. ఒకరోజు ఎందుకో రెండు కళ్లూ మూసుకుని చదివాడు. అప్పుడూ అట్టడుగు దాకా వచ్చేసింది! ఇన్నేళ్లుగా జనంచేత చదివించి చదివించి చార్టంతా నోటికొచ్చేసింది మరి. కనిపించి చదువుతున్నాడో, గుర్తుండి చదువుతున్నాడో తేల్చుకునే దారే లేకుండా పోయింది.

కంటి డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చు కదా అంటారు మీరు. ఊళ్లో ఉన్న ఒక్కగానొక్క కంటి డాక్టరు చీటీ రాసి జనాన్ని పంపేది ఈయన షాపుకే. రేపు ఆ డాక్టరు నోటి నుంచి “పాపం, ఆయనకే కనపడదట” అన్న మాట జారిందంటే ఇక షాపు మూసుకోవడమే. చూపు లేనివాడి దగ్గర చూపు కొనుక్కునేదెవరు? అందుకే పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు రోజులు నెట్టుకొస్తున్నాడు. భార్యకు కూడా చెప్పలేదు. చెబితే ఆవిడ చెయ్యి పట్టుకుని నేరుగా డాక్టరు ముందు కూర్చోబెడుతుందని తెలుసు.

అలాంటి రోజుల్లో బావమరిది ఊడిపడ్డాడు. అతనికి నోరు పెద్దది, మనసు మంచిది.

“బావగారూ, ఆ కొండ మీద పార్కు ఉంది కదా! వేల ఏళ్ల కిందటి మనుషులు రాళ్ల మీద గీసిన బొమ్మలున్నాయట. రేపు సెలవేగా, పోదాం పదండి. కారు నేను నడుపుతాను.”

“కొండలెక్కే వయసా మనది?” అని షాపాయన గొణిగాడు. అంతలోనే ఒక ఆలోచన తట్టింది. ఆ రాళ్ల మీద ఎవరేం గీశారో తనకు తెలియదు. తనకు నోటికి రాని చార్టంటూ ఉంటే అది అదే. బొమ్మలు కనిపించాయా, కళ్లు బాగున్నట్టు. కనిపించలేదా... ఆ రెండో మాట జోలికి మనసును పోనివ్వలేదు. “సరే పద” అన్నాడు. ఇంత తేలిగ్గా ఒప్పుకున్నందుకు భార్య ఆశ్చర్యపోయి, మళ్లీ మాట మారుస్తాడేమోనని వెంటనే సంచి సర్దడం మొదలుపెట్టింది.

పార్కు గేటు దగ్గర లోపలి బొమ్మల ఫొటోలు పెద్ద బోర్డు మీద అంటించి పెట్టారు. షాపాయన దానికి వీపు తిప్పి నిలబడ్డాడు. పరీక్షకు ముందే ప్రశ్నపత్రం చూడటం ఆయనకు ఇష్టం లేదు. ఎప్పుడూ వెంట వచ్చి చూపించే గైడు ఆ రోజు సెలవు పెట్టాడట. ఈ మధ్యే పనిలో చేరిన టికెట్ల అమ్మాయే కౌంటరు మూసి బయలుదేరింది. వాళ్లతో పాటు ఒక టీచరమ్మ కూడా చేరింది. ఆవిడ మెడలో వేలాడుతున్న కళ్లజోడు తన షాపుదేనని షాపాయన గొలుసును బట్టి గుర్తుపట్టాడు.

మెట్లెక్కి, రాళ్ల మధ్య సన్నటి దారిలో నడిచి, ఒక పెద్ద రాయి ముందు పాతిన చెక్క బోర్డు దగ్గర ఆ అమ్మాయి ఆగింది.

“ఇదేనండీ జింకల రాయి. ముందు పెద్ద కొమ్ముల జింక, దాని పక్కన పిల్ల జింక, వెనకాల వేటగాడు. కొంచెం వెలిసిపోయాయి, జాగ్రత్తగా చూడండి.”

షాపాయనకు ఒళ్లు మండింది. “నువ్వే అన్నీ చెప్పేస్తే మేం చూసేదేముందమ్మా?” అన్నాడు. ఆ అమ్మాయి బిక్కమొహం వేసింది. తన పని చెప్పడమే కదా, చెప్పినందుకు కోప్పడతాడేమిటో ఆమెకు బోధపడలేదు.

“అబ్బా! ఆ కొమ్ములు చూడండి బావగారూ, ఏం కొమ్ములు!” అని బావమరిది కేకేశాడు.

“ఆ గీతలో వేగం చూశారా! ఇప్పుడే పరిగెత్తబోతున్నట్టుంది” అంది టీచరమ్మ అంతకన్నా గట్టిగా.

“పిల్ల జింక ఎంత ముద్దుగా ఉందో!” అంది భార్య.

షాపాయన చూశాడు. రాయి కనిపించింది. కళ్లు నులుముకుని చూశాడు. అదే రాయి. సూటిగా చూశాడు, వారగా చూశాడు, ఒంగి చూశాడు. అలా చూడగా చూడగా ఎడమ పక్కన ఒక కొమ్ములాంటిది తేలింది. నిజంగా కొమ్మేనా? ఆ అమ్మాయి కొమ్ములని చెప్పింది కాబట్టి కొమ్ములా ఉందా? చెప్పకపోయి ఉంటే చూసేవాడా? ఇక్కడా చార్టు గొడవే వచ్చి పడింది. గుంపులో గోవిందా అని “ఆహా” అనేశాడు, కాని ఆ ఆహా ఆయన చెవులకే అబద్ధంలా వినిపించింది.

అప్పుడు కింది నుంచి రొప్పుతూ వాచ్‌మన్ వచ్చాడు.

“ఏమ్మా, వీళ్లనిక్కడ నిలబెట్టావేంటి? జింకల రాయి ఇది కాదు. ఆ మలుపు దాటాక ఉంది. దారి బాగుచేసేటప్పుడు బోర్డు అడ్డమొచ్చిందని పీకి ఇక్కడ పాతారు. మళ్లీ తీసి పెట్టినవాడు లేడు. ఈ రాయి మీద ఏమీ లేదు.”

ఒక్క క్షణం ఎవరూ ఒకరి వంక ఒకరు చూసుకోలేదు. టీచరమ్మ కళ్లజోడు తీసి అదే పనిగా తుడుచుకుంది. షాపాయన భార్య తేలు కుట్టిన దొంగలా సంచిలోకి తల దూర్చింది. బావమరిదే ముందు తేరుకున్నాడు.

“కొండను తవ్వి ఎలుకను పట్టారంటే విన్నాను. మనం కొండెక్కి ఆ ఎలుకను కూడా పట్టలేదు!”

షాపాయన పగలబడి నవ్వాడు. నవ్వి నవ్వి కళ్లలో నీళ్లొచ్చాయి. లేని జింక కనిపించకపోవడమంటే చూపు బాగున్నట్టే కదా! ఇక్కడున్న వాళ్లందరిలో చక్కని కళ్లు తనవే. “రేపందరూ మా షాపుకి వచ్చేయండి. లేని జింకలు కనిపించేవాళ్లకి కంటి పరీక్ష ఉచితం” అన్నాడు. మలుపు దాకా ఆయన నోటికి అడ్డూ ఆపూ లేదు. టీచరమ్మను ఆటపట్టించాడు, భార్యను పిల్ల జింక ఏమైందని అడిగాడు. మనసులో ఒక మూల మాత్రం ఒక ప్రశ్న పీకుతూనే ఉంది. అక్కడ ఏమీ లేనప్పుడు, తను చూసిన కొమ్ము ఏమిటి?

మలుపు తిరిగాక కొండ కాస్త ముందుకు వంగి గొడుగు పట్టినట్టుంది. దాని కింద నున్నటి రాతి గోడ, ముందు ఇనుప కడ్డీల కంచె. వాచ్‌మన్ ఏమీ చెప్పలేదు. పక్కకు తప్పుకున్నాడు, అంతే.

ఈసారి ఎవరూ కేకలేయలేదు. బావమరిది నోరు తెరిచాడు గాని మాట రాలేదు. టీచరమ్మ కంచె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. భార్య ఊపిరి పీల్చుకోవడం షాపాయనకు వినిపించింది.

ఆ నిశ్శబ్దం ఆయనకు బాగా తెలుసు. షాపులో రోజూ చూసేదే. కుర్చీలో కూర్చున్నవాళ్లలో అక్షరాలు కనిపించనివాళ్లు గట్టిగా, తొందర తొందరగా, ధైర్యంగా చదువుతారు. సరైన అద్దం పడగానే వాళ్ల నోరు ఆగిపోతుంది. కాసేపు ఊరికే చూస్తారు. ఇక్కడ నిలబడ్డవాళ్లు ముగ్గురూ ఊరికే చూస్తున్నారు.

ఆయన కూడా చూశాడు. పైన కొండ అంచు, కింద కంచె, పక్కన పొద, అన్నీ ఉన్నాయి. నడుమ మాత్రం మసక. రాయి మీద నీడేమో అనుకుని తల కాస్త కుడికి తిప్పాడు. మసక కూడా కుడికి వచ్చింది. ఎడమకు తిప్పాడు. వెంటే వచ్చింది. రాయి మీద ఉన్నదైతే రాయి మీదే ఉండాలి.

ఇన్నాళ్లుగా తేలనిది ఒక్క తల తిప్పుకు తేలిపోయింది. భయం వేసింది. చెయ్యి చాపి కంచె పట్టుకున్నాడు.

“నాకు కనపడట్లేదు” అన్నాడు.

బావమరిది పకపకా నవ్వాడు. “మళ్లీ మొదలెట్టారండీ బావగారు! అక్కా, ఆయన మనల్ని ఇంకో ఏడాది వదలరు.”

టీచరమ్మ కూడా నవ్వింది. “ఈసారి నిజంగానే ఉన్నాయండీ, ఒట్టు!”

“చాల్లెండి వేళాకోళం. ఏదో ఒకసారి పొరబడ్డాం, అంతే కదా” అంది భార్య, ఆయన భుజం మీద చిన్నగా కొడుతూ.

వాళ్ల నవ్వులో తనూ కలిసిపోవచ్చు. అంతకన్నా తేలిక మరొకటి లేదు. రేపు షాపు తెరవొచ్చు, కుర్చీ తుడుచుకోవచ్చు, ఇంకొన్నాళ్లు ఎవరికీ తెలియదు. నవ్వడానికి పెదాలు సిద్ధం కూడా అయ్యాయి. కాని ఎవరి ముక్కు మీదో ఎవరి అద్దాలో పెట్టి పంపే రోజు ఎంతో దూరంలో లేదని ఆ పెదాల వెనకాల ఉన్నవాడికి తెలుసు.

భార్య వైపు తిరిగాడు. ఆవిడ చీర అంచు కనిపించింది, జుట్టు కనిపించింది.

“జింకలే కాదు. నీ మొహం కూడా కనపడట్లేదు నాకు” అన్నాడు మెల్లగా. “చాలా రోజులైంది. ఇప్పుడు నవ్వుతున్నావో లేదో, అది కూడా నువ్వే చెప్పాలి.”

బావమరిది నవ్వు సగంలో ఆగింది. భార్య చెయ్యి ఆయన భుజం మీదే ఉండిపోయింది. కాసేపటికి ఆ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“నవ్వట్లేదండీ” అంది ఆవిడ.