అక్క బడి ఎందుకు మానేసింది?

అర్ధసంవత్సర పరీక్షకి తొమ్మిదో తరగతి ఇంగ్లీషు పేపరు తయారుచేసే పని ఈసారి ఎ సెక్షన్ టీచరు మీద పడింది. పడింది అనడం కంటే తనే నెత్తికెత్తుకుందనాలి. కిందటిసారి, చదివి జవాబులు రాయమని ఇచ్చిన పాసేజిని బజారులో దొరికే గైడులోంచి ఉన్నదున్నట్టు దింపేశారు. ట్యూషన్ సెంటరు వాళ్ళు ఆ గైడు మొత్తం పిల్లల చేత బట్టీ పట్టించి ఉన్నారు. నలభై ఒక్క మందిలో ముప్పై మంది పాసేజి వంక కన్నెత్తి చూడకుండానే జవాబులు రాసేశారు. ఒకడైతే పేపరులో అడగని ఆరో ప్రశ్నకి కూడా జవాబు రాసి, కింద స్కేలు పెట్టి గీత గీశాడు.

"పిల్లలకి చదివి అర్థం చేసుకోవడం వచ్చో రాదో చూడ్డానికి కదండీ ఈ పరీక్ష. మనం చూసింది వాళ్ళ జ్ఞాపకశక్తిని," అంది ఆమె స్టాఫ్‌రూములో.

"అయితే ఈసారి మీరే రాయండి మేడమ్, ఎవరూ ఎక్కడా చూడని పాసేజి," అన్నాడు బి సెక్షన్‌కి ఇంగ్లీషు చెప్పే మాస్టారు. పిల్లలు ఆయనకి అరమార్కు మాస్టారని పేరు పెట్టుకున్నారు. కామా లేకపోతే అర, పెద్దక్షరం మర్చిపోతే అర, అలా కోసుకుంటూ పోతాడు. మనిషి చెడ్డవాడు కాదు. చేతికి అలవాటైపోయింది, అంతే.

రాస్తానని మాటైతే ఇచ్చేసింది గానీ, కాగితం ముందు కూర్చుంటే ఏమీ తోచలేదు. ఒంటె గురించి మొదలుపెడితే గైడులా వచ్చింది. పొదుపు గురించి మొదలుపెడితే అంతకన్నా గైడులా వచ్చింది. మూడు కాగితాలు నలిపి పారేశాక, ఎవరి దగ్గరా అరువు తెచ్చుకోనక్కర్లేనిది తన ఇంటి సంగతి ఒక్కటే అనిపించింది. వాళ్ళ నాన్న దర్జీ. ఇద్దరు ఆడపిల్లలు, తను చిన్నది. తేలిక ఇంగ్లీషులో నూటయాభై మాటలు ఒక్క ఊపులో వచ్చేశాయి.

ఆ పాసేజి సారాంశం ఇది. ఒక దర్జీకి ఇద్దరు కూతుళ్ళు. పెద్దమ్మాయి చేతిపని చూడముచ్చటగా ఉండేది. సూదిలోకి దారం ఒక్కసారికే ఎక్కించేది. గుడ్డని ముక్కుకి తాకేంత దగ్గర పెట్టుకుని కుడుతుంటే, "కుడుతున్నావా, వాసన చూస్తున్నావా?" అని తండ్రి నవ్వేవాడు. బడిలో మాత్రం రోజూ చీవాట్లే. టీచరు బోర్డు మీద రాస్తుంటే, ఆమె పక్కపిల్ల నోటుబుక్కులో చూసి రాసుకునేది. బస్టాపులో నిలబడ్డప్పుడు వచ్చే బస్సు ఎన్నో నంబరని చెల్లెల్ని అడిగేది. చెల్లెలు గర్వంగా చదివి చెప్పేది. ఏడో తరగతి అయ్యాక ఆ అమ్మాయి తనకి బడి నచ్చడం లేదని, కుట్టుపని నచ్చుతుందని ఇంట్లో చెప్పి చదువు మానేసింది. తర్వాత ఆ చుట్టుపక్కల పేరున్న దర్జీ అయింది.

కింద అయిదు ప్రశ్నలు. నాలుగోది: పెద్దమ్మాయి బడి ఎందుకు మానేసింది? పాసేజి ఆధారంగా మీ సొంత మాటల్లో రాయండి. రెండు మార్కులు. జవాబుల కీలో ఆమె ఇలా రాసింది: ఆమెకి చదువు ఇష్టం లేదు, కుట్టుపని ఇష్టం. అరమార్కు మాస్టారు పేపరు చూసి, ఒకచోట కామా పెట్టి, బాగుందన్నాడు.

పరీక్ష అయింది. ఎ సెక్షన్ జవాబు పేపర్ల కట్ట ఆమె డైనింగ్ టేబుల్ మీదకి వచ్చింది. వ్యాకరణం ఎప్పటిలాగే ఉంది. నిన్న జరిగినవన్నీ రేపు జరుగుతున్నాయి, రేపటివన్నీ అయిపోయాయి. పాసేజి దగ్గర మాత్రం ఆమెకి ప్రాణం లేచొచ్చింది. పిల్లలు నిజంగానే చదివారు. నాలుగో ప్రశ్నకి దాదాపు అందరూ చదువు ఇష్టం లేదనే రాశారు. ఒకడు బస్సు రానందువల్ల మానేసిందని రాశాడు. వాడికి అడ్డంగా గీత కొట్టింది.

పదిహేడో పేపరులో, ఆమెకి బోర్డు కనిపించేది కాదు అందుకని, అని ఉంది. దానికీ గీత కొట్టింది. పద్దెనిమిదో పేపరులోనూ అదే మాట. ఆ ఇద్దరూ ఒకే బెంచీ. ఇంకేముంది, కాపీ అనుకుంది. ముప్పైమూడో పేపరులో మళ్ళీ అదే జవాబు వచ్చేసరికి కలం ఆగింది. ఆ అబ్బాయి కూర్చునేది గదికి ఆ చివర, కిటికీ పక్కన. అంత దూరం నుంచి ఒకళ్ళది ఒకళ్ళు ఎలా చూస్తారు?

మర్నాడు ఇంటర్వెల్లో ముగ్గురినీ స్టాఫ్‌రూముకి పిలిచింది. రెండో బెంచీలో కూర్చునే కళ్ళద్దాల అమ్మాయి, ఆమె పక్కపిల్ల, కిటికీ దగ్గరి పొడుగబ్బాయి వచ్చి వరసగా నిలబడ్డారు.

"ముగ్గురికీ ఒకే జవాబు ఎలా వచ్చింది?"

పక్కపిల్ల వెంటనే తల దించుకుంది. "నేను దాని పేపరు చూసి రాశాను టీచర్."

"సరే. నువ్వు?" అని పొడుగబ్బాయిని అడిగింది.

"నేను ఎవరిదీ చూడలేదు టీచర్. మా అమ్మమ్మ కూడా బస్సు నంబరు నన్నే అడుగుతుంది. ఆవిడకి కళ్ళు ఆనవు."

కళ్ళద్దాల అమ్మాయి మాత్రం ప్రశ్నపత్రం వెంట తెచ్చుకుంది. బల్ల మీద పరిచి వేలు పెట్టి చూపించింది.

"టీచర్, ఇక్కడ గుడ్డ ముక్కు దగ్గర పెట్టుకుని కుట్టేదని ఉంది. అంటే దగ్గరవి కనిపిస్తాయి. బస్సు దూరం, బోర్డు దూరం. అందుకే పక్కపిల్ల బుక్కు చూసి రాసుకునేది. నాకూ నాలుగో క్లాసు దాకా అంతే."

"కానీ చివర్లో బడి నచ్చలేదని స్పష్టంగా ఉందిగా?"

"నచ్చలేదని ఆమె చెప్పిందని ఉంది టీచర్. అందుకే మానేసిందని లేదు."

టీచరు ఆ వాక్యం చదువుకుంది. నిజమే, చెప్పింది అనే ఉంది. ఆ మాట ఎందుకు రాసిందో ఆమెకే గుర్తు లేదు.

"నీ సంగతి ఎలా తెలిసింది మరి?"

"డ్రిల్లు మాస్టారు బంతి విసిరితే వచ్చి మొహానికి తగిలింది. పట్టుకోలేదేమని తిట్టి, తర్వాత ఆయనే కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళమని మా అమ్మతో చెప్పారు."

పిల్లలు వెళ్ళిపోయారు. ఆమె తను రాసిన నూటయాభై మాటల్నీ ఎవరో రాసినట్టు మళ్ళీ చదివింది. వాళ్ళక్కకి ముప్పయ్యో ఏట సీసా అడుగులాంటి అద్దాలు వచ్చాయి. పాడు కుట్టుపని దాని కళ్ళని తినేసిందని ఇంటిల్లిపాదీ అనుకున్నారు. తనూ ఆ మాట వందసార్లు అని ఉంటుంది. బస్సు నంబరు సంగతి చెల్లెలి తెలివి చూపించడానికి రాసింది. అక్కకి అంకెలు సరిగా రావేమోనని చిన్నప్పుడు లోలోపల అనుకునేది కూడా. అది గుర్తుకొచ్చి సిగ్గేసింది.

అరమార్కు మాస్టారితో ముందు తేల్చుకోవాల్సి వచ్చింది.

"మా సెక్షన్లోనూ ఒకడు అలాగే రాశాడు. సున్నా వేశాను. కీలో లేదుగా మేడమ్," అన్నాడాయన.

"పాసేజిలో ఉంది మాస్టారూ."

"రాసింది మీరు. మీకు తెలియకుండా అందులోకి ఎలా వచ్చింది?"

"అదే నాకూ అంతుపట్టడం లేదు. మీరే ఒకసారి చదవండి."

ఆయన కళ్ళజోడు సవరించుకుని రెండుసార్లు చదివాడు. కాసేపు మీసం దువ్వుకున్నాడు. "ఒకటిన్నర ఇద్దాం," అన్నాడు.

"రెండివ్వాలి."

"సరే, రెండు. కానీ మావాడు స్పెల్లింగు తప్పు రాశాడు. దానికి అర కోస్తాను."

అందుకు ఆమె అడ్డు చెప్పలేదు. కళ్ళద్దాల అమ్మాయికీ పొడుగబ్బాయికీ రెండేసి మార్కులు కలిపింది. చూసి రాసిన పిల్లకి సున్నా అలాగే ఉంచింది. ఆ పిల్ల కూడా అడగలేదు.

ఆదివారం మధ్యాహ్నం అక్క దుకాణానికి వెళ్ళింది. షట్టరు సగం దించి ఉంది. లోపల స్కూలు యూనిఫారాలు గుట్టగా పడి ఉన్నాయి. అక్క మెడలో టేపు వేసుకుని, మిషను మీద నిక్కరు అంచు మడిచి కుడుతోంది.

"ఏమే, ఇలా దారి తప్పి వచ్చావు?"

"నీ గురించి పరీక్షలో పెట్టానక్కా," అని, పాసేజి మొత్తం తెలుగులో చెప్పింది.

అక్క పని ఆపకుండానే విని తప్పులు దిద్దింది. "ఏడుతో మానలేదు. ఎనిమిదిలో మూడు నెలలు వెళ్ళాను. నాన్న అన్నది కూడా వాసన చూస్తున్నావా అని కాదు, గుడ్డని తింటున్నావా అని. నీకు ఏదీ సరిగ్గా గుర్తుండదు."

"నాలుగో ప్రశ్న, నువ్వు బడి ఎందుకు మానేశావని. ముగ్గురు పిల్లలు నీకు బోర్డు కనిపించేది కాదని రాశారు."

మిషను ఆగింది. అక్క అద్దాలు తీసి చీర చెంగుతో తుడుచుకుంది. అద్దాల్లేని ఆ మొహం చెల్లెలికి కొత్తగా అనిపించింది.

"బోర్డు మీద తెల్లగా పొగలా కనబడేది," అంది అక్క. "అందరికీ అంతేననుకున్నాను. ఆ పొగలోంచి అక్షరాలు లాగడమే తెలివనుకున్నాను. నాకది లేదు. బస్సు నంబరు నువ్వు టక్కున చెప్పేదానివి. దీనికి తెలివుంది, ఇది చదువుకోవాలి అనుకునేదాన్ని."

"మరి అద్దాలు వచ్చాక?" అని అడిగింది చెల్లెలు.

"వచ్చిన రోజే తెలిసింది. పెట్టుకుని ఇలా గుమ్మంలోకి వచ్చాను. ఎదుటి మేడ మీద చొక్కా ఆరేసి ఉంది. దానికి పైనుంచి మూడో గుండీ లేదు. అంత దూరాన గుండీ లేకపోవడం కనిపిస్తుందా అని అక్కడే నిలబడిపోయాను. అప్పుడర్థమైంది."

"ఎందుకు చెప్పలేదక్కా?"

"ఎవరికి చెప్పను? నాన్న అప్పటికే లేడు. అమ్మకి చెబితే కుళ్ళి కుళ్ళి ఏడ్చేది. నీకు చెబితే ఇదిగో, ఇలా మొహం పెట్టుకుని కూర్చునేదానివి."

"నేను గొప్పలు పోయేదాన్ని, నంబరు చెప్పి."

"పోతే పోయావులే. మనకి బస్సయితే ఎప్పుడూ తప్పలేదుగా."

అక్క అద్దాలు మళ్ళీ పెట్టుకుంది. నిక్కరు చేతిలోకి తీసుకుని, కుట్టకుండా ఒళ్ళోనే ఉంచుకుంది.

"ఇష్టం లేదని రాసినవాళ్ళకి మార్కులు తీసేశావా?"

"లేదు. రెండూ రైటే అన్నాం."

"తీసెయ్యకు. నచ్చలేదని చెప్పింది నేనే. ముప్పై ఏళ్ళు ఆ మాట మీదే నిలబడ్డాను. కనబడక మానేసిందంటే అందరూ అయ్యో అంటారు. నాకు ఆ అయ్యోలు వద్దు. కుట్టుపని నచ్చిందన్నది అబద్ధమేం కాదు."

"చూస్తుంటేనే తెలుస్తుందక్కా."

"ఆ పిల్ల, కళ్ళద్దాలది, ఎలా చదువుతుంది?"

"బాగానే చదువుతుంది. వాదిస్తుంది."

"వాదించనీ." అక్క మిషను మీదకి వంగింది. కాస్త దూరం కుట్టి, దారం తెంపి, అడిగింది. "అయిదో ప్రశ్న ఏమిటి?"

"ఈ కథకి పేరు పెట్టమని."

"ఏం పెట్టారు?"

"ఇద్దరు అక్కచెల్లెళ్ళు, దర్జీ కూతురు, కుట్టుమిషను. ఎక్కువమంది అవే. ఒకడు ఆదివారం అని పెట్టాడు."

"ఆదివారమా? కథలో ఆదివారం ఎక్కడుంది?"

"ఎక్కడా లేదు. వాణ్ణి అడిగాను. ఏం పెట్టాలో తోచలేదు టీచర్, ఆదివారమంటే అందరికీ ఇష్టం కదా అన్నాడు."

అక్క భుజాలు కదిలేలా నవ్వింది. చేతిలో కత్తెర కింద పెట్టాల్సి వచ్చింది.

"మార్కు వేశావా?"

"సున్నా వేశాను."

"అర అన్నా వెయ్యవే పాపం," అంది అక్క, ఇంకో నిక్కరు గుట్టలోంచి లాగుతూ.