ట్యాంకరుకు బీరు అభిషేకం

మా ఆయన సెవేరో ఇంటి మొహం చూసి ఎన్నాళ్లయిందో అడగొద్దు. వేరే ఆడమనిషి మోజులో పడ్డాడేమోనని వీధిలో ఆడవాళ్లు కాస్త ఆశపడ్డారు. నేనూ పడ్డాను. అదే నిజమైతే కనీసం చెప్పుకోవడానికి ఒక కథైనా ఉండేది. అంత అదృష్టమేమీ లేదు. ఆయన పెట్రోలు క్యూలో ఉన్నాడు. తిండి అక్కడే, నిద్ర అక్కడే, గడ్డం గీసుకునేదీ మినీబస్సు అద్దంలోనే. ఇంట్లో ఒక్కనాడూ దుప్పటి మడవని మనిషి, అక్కడ వెనక సీటు మీద దుప్పటి మడిచి, దాని మీద దిండు పెట్టి, దిండు మీద టోపీ పెడతాడట. పక్క బండి డ్రైవరు భార్య చెప్పింది. కట్టుకున్నదాని కన్నా క్యూకే మర్యాద ఎక్కువ జరుగుతోందన్నమాట.

మా ఎల్ ఆల్తో నగరంలో పెట్రోలు ధర నేను కాలేజీలో చదివేటప్పుడు ఎంతో ఇప్పుడూ అంతే. ఈలోగా అన్నీ పెరిగాయి. నేనూ పెరిగాను, ముఖ్యంగా నడుం దగ్గర. పెట్రోలు మాత్రం పెరగలేదు. ప్రభుత్వం తన చేతిసొమ్ము పోసి ఆ ధరని కదలకుండా పట్టుకుని కూర్చుంది. ఆ సొమ్ము కాస్తా అయిపోయింది. ఇప్పుడు ధర బోర్డు మీద ఉంది, పెట్రోలు బంకులో లేదు. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు.

ఆదివారం ఎన్నికలు. నిలబడ్డవాళ్లు చాలామందే ఉన్నా లెక్కలోకొచ్చేది ఇద్దరే. ఒకాయన "పెట్రోలు ధర వెంట్రుకవాసి కూడా మారనివ్వను" అన్నాడు. రెండో ఆయన "ధర పెంచుతాను, కానీ పెట్రోలు తెప్పిస్తాను" అన్నాడు. మొదటాయన ప్రతి గోడ మీదా నవ్వుతున్నాడు. రెండో ఆయన బొమ్మలకు ఎవరో మీసాలు గీశారు. అవి ఆయనకు బాగానే నప్పాయి. నన్నడిగితే ఇద్దరి మీదా పెద్ద నమ్మకం లేదు. అయితే నన్నెవరూ అడగలేదు.

సెవేరోకి మొదటాయన దేవుడు. అందుకు కారణం లేకపోలేదు. ధర పెరిగితే టిక్కెట్టు పెంచాలి. టిక్కెట్టు పెంచితే జనం బండి అద్దాలు పగలగొడతారు. ఒకసారి పగలగొట్టారు కూడా. పైగా మినీబస్సు డ్రైవర్ల సంఘంలో ఆయన తగవుల కార్యదర్శి. తగవులు తీర్చడమంటే అందరికన్నా గట్టిగా అరవడం. ఎన్నికల ముందు పెట్టుకున్న సమావేశంలో మా వెనక వీధి దోన్ కసిమీరో లేచి, "తమ్ముళ్లూ, ధర కాస్త పెరిగినా పర్వాలేదు, బండి తిరగనివ్వండి. ఆగిపోయిన బండికి చవక పెట్రోలెందుకు?" అన్నాడట. ఆయన కూడా మినీబస్సు నడిపేవాడే, సంఘంలో అందరికన్నా పెద్దవాడు. "అమ్ముడుపోయాడు! బయటికి పంపండి!" అని మొట్టమొదట అరిచింది మా ఆయనే. ఈలలు వేసి పంపేశారు. సంఘమంతా మొదటాయనకే ఓటు వెయ్యాలని తీర్మానించారు. పనిలో పనిగా ఇంకో తీర్మానం కూడా చేశారు. క్యూ కదిలినప్పుడు డ్రైవరు తన బండి దగ్గర లేకపోతే వెనక బండి దాటి వెళ్లిపోవచ్చు. ఆ రూలు పెట్టిందీ మా ఆయనే.

నా బాధ ఎవరు గెలుస్తారని కాదు. నా బాధ మా అత్తగారు దోన్యా బాసిలియా. ఆవిడ ఓటు సరస్సు ఒడ్డున, సొంత ఊళ్లో ఉంది. ఇక్కడికి మార్పించుకోమని కొడుకంటే, "ఓటు ఇక్కడికొస్తే అక్కడి నా పొలం ఎవడి పాలవుతుందిరా?" అంటుంది. ఓటేస్తేనే చీటీ ఇస్తారు. ఆ చీటీ లేనివాళ్లకు బ్యాంకులో మూడు నెలలు ముసలి పింఛను ఇవ్వరు. ఆ పింఛను పెద్దదేమీ కాదు. కానీ ఆవిడ నమిలే కోకా ఆకు, కళ్లలో వేసుకునే చుక్కల మందు, మా అమ్మాయికి కొనిపెట్టే మిఠాయి, అన్నీ అందులోంచే. కొడుకు ముందు చెయ్యి చాపకుండా బతకడమే ఆవిడకున్న ఒకే ఒక్క విలాసం. ఆదివారం పోలింగు నాడు దేశంలో ఏ బండీ రోడ్డెక్కకూడదు. అంటే శనివారానికే ఊరు చేరాలి. ఆ దారిన వెళ్లే బస్సులన్నీ క్యూలోనే ఉన్నాయి.

"నేను తీసుకెళ్తాను కదమ్మా. మాటిచ్చానా లేదా?" అన్నాడు సెవేరో.

ఆవిడ బుధవారానికే మూట కట్టేసింది. ఆ మధ్యాహ్నం నేను ఎండబెట్టిన చున్యో దుంపలు, వేయించిన చేపలు పట్టుకుని క్యూ దగ్గరికి బయలుదేరితే, మూటతో సహా నా వెంట వచ్చింది. మా బండి ముందు నాలుగు బండ్లే ఉన్నాయి. లోపల అద్దానికి చిటికెనవేలంత పెట్రోలు డబ్బా వేలాడుతోంది. జనవరిలో అలసీతస్ తిరునాళ్లలో కొన్న బొమ్మ. ఏది బొమ్మగా కొని దీవెన పట్టిస్తే ఏడాది తిరిగేలోగా అది నిజంగా వస్తుందని మా నమ్మకం. నేను మూత తీసి చూశాను. దాన్లోనూ పెట్రోలు లేదు.

అప్పుడొచ్చింది ట్యాంకరు. ప్రచారానికి అదే ఆఖరి రోజు. ముందు బ్యాండు, వెనక జెండాలు, మధ్యలో పెళ్లికూతురులా ట్యాంకరు. "ధర మారలేదు! పెట్రోలు వచ్చింది!" అని మైకులో అరుస్తున్నారు. కోటు వేసుకున్న కుర్రనాయకుడొకడు దిగి, ముందు శాస్త్రం జరగాలన్నాడు. మా దగ్గర కొత్త బండైనా, కొత్త ఇల్లైనా, మంచి రోజు చూసి బీరు చిలకరించి, రంగు కాగితం ముక్కలు చల్లి, నేలతల్లి పచమామాకి మొదటి చుక్క పోయాల్సిందే. ట్యాంకరుకు చెయ్యడం మాత్రం అదే మొదలు.

"సంఘం తరఫున ఈ శుభకార్యం కార్యదర్శి గారి చేతుల మీదుగా!" అన్నాడు కోటు.

సెవేరో టోపీ సర్దుకున్నాడు. "ఒర్తెన్సియా, కాస్త బండి చూస్తుండు."

"క్యూ కదిలితే?"

"నేను లేకుండా ఎలా కదులుతుందే? శాస్త్రం చేసేది నేనేగా!"

వెళ్లాడు. ఒక్కో చక్రానికీ బీరు పోశాడు. మా పెళ్లిలో నా మీద కూడా అన్ని కాగితం ముక్కలు చల్లలేదు. తర్వాత ట్యాంకరు మెట్టెక్కి ఉపన్యాసం మొదలుపెట్టాడు. తాతల కాలం నుంచి మొదలైంది కాబట్టి మన కాలానికి రావడానికి సమయం పడుతుందని నాకు అర్థమైంది. బంకు మనిషికి చరిత్ర మీద ఆసక్తి లేదు. పెట్రోలు దిగగానే గొట్టం అందుకున్నాడు. క్యూ కదిలింది.

మా బండిలో చుక్క లేదు, తొయ్యాలి. అత్తగారిని స్టీరింగు ముందు కూర్చోబెట్టి నేను వెనక్కి పరిగెత్తాను.

"బ్రేకు ఏదే?" అని కేకేసింది ఆవిడ.

"బ్రేకుతో పనిలేదు అత్తయ్యా, బండి కదిలితే కదా!"

కదల్లేదు. వెనక డ్రైవరు తల బయటపెట్టి, "కార్యదర్శి గారి భార్యవి కాబట్టి మర్యాదగా చెప్తున్నానక్కా. డ్రైవరు లేడు. రూలు మీ ఆయనదే," అని దాటేశాడు. వాడి వెనక ఇంకొకడు. ఆ వెనక మరొకడు. మర్యాదకు మాత్రం లోటు చెయ్యలేదు, ప్రతివాడూ "ఏమనుకోకక్కా" అనే వెళ్లాడు.

ఫొటోలు తీసుకోవడం అయిపోయింది. మిగిలిన పెట్రోలుతో ట్యాంకరు ఇంకో పేటకి, ఇంకో ఫొటోకి వెళ్లిపోయింది. బంకు మనిషి "లేదు" అన్న అట్టముక్క తగిలించాడు. సెవేరో జుట్టునిండా రంగు కాగితాలతో, పెళ్లికొడుకులా నవ్వుకుంటూ వచ్చాడు.

"మన వంతు వచ్చిందా?"

"వచ్చింది. వెళ్లిపోయింది కూడా," అన్నాను.

మా అత్తగారు స్టీరింగు వదలకుండానే అంది, "లారీకి సీసాలకొద్దీ తాగించావు కదరా. కైపెక్కినట్టుంది, నిన్ను గుర్తుపట్టలేదు."

"మళ్లీ వస్తుందమ్మా. వాళ్లు మాటిచ్చారు."

గురువారం రాలేదు. శుక్రవారం రాలేదు. ట్యాంకు నిండిన బండ్లేవీ సరస్సు దారిన వెళ్లేవి కావు. ఈలోగా తప్పు చాలామంది చేతులు మారింది. మొదట వెనక బండివాళ్లది, తర్వాత తొందరపడ్డ బంకు మనిషిది, ఆ తర్వాత గట్టిగా తొయ్యలేని నాది. సెవేరో దగ్గరికి మాత్రం అది ఒక్కసారీ రాలేదు. సంఘం ఒకే ఓటన్న తీర్మానం కూడా సన్నగిల్లింది. మా సంఘంలో ఎవడు ఎవరికి ఓటేస్తాడో తెలియాలంటే వాడి మొహం చూడక్కర్లేదు, పెట్రోలు ముల్లు చూస్తే చాలు. ట్యాంకు నిండినవాడు మొదటాయన మాట నిలబెట్టుకున్నాడన్నాడు. నిండనివాడు రెండో ఆయన మరీ అంత చెడ్డవాడేం కాదన్నాడు. మా ఆయన ముల్లు సున్నా మీద పడుకుని ఉంది. అయినా ఆయన గోడ మీది నవ్వు వైపే చూస్తూ కూర్చున్నాడు.

శనివారం వచ్చింది. మా అత్తగారు బండి పక్కన నేల మీద, మూటనానుకుని కూర్చుంది. ఎండ వాలుతోంది. ఆవిడ కొడుకుని ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది. "పోనీలే, మూడు నెలలే కదా. ఆకు తగ్గించుకుంటాను," అంది నాతో, మెల్లగా. కళ్ల మందు ఊసెత్తలేదు.

అప్పుడు దూరం నుంచి ఇంజను చప్పుడు వినిపించింది. క్యూలో అందరూ తలలు తిప్పారు. కదిలే బండిని చూసి మూడు రోజులైంది మరి. దోన్ కసిమీరో మినీబస్సు. లోపల జనం, కోళ్లు, పైన బస్తాలు. రోడ్డు పక్క కోలా సీసాల్లో పోసి మూడింతల ధరకి అమ్మే పెట్రోలు కొన్నాడట. టిక్కెట్టూ అలాగే పెంచాడు. జనం అద్దాలు పగలగొట్టలేదు. తిట్టుకుంటూ ఎక్కారు. ఆయన ఊరూ సరస్సు దారిలోనే.

సెవేరో గబగబా గుడ్డ తీసుకుని, శుభ్రంగా ఉన్న అద్దాన్ని తుడవడం మొదలుపెట్టాడు. నేను వెళ్లి బస్సుకి అడ్డంగా నిలబడ్డాను.

"దోన్ కసిమీరో, మా అత్తగారికి చోటుంటుందా?"

"దోన్యా బాసిలియాకి చోటు లేకపోవడమేంటమ్మా! ఒరే, ఆ బస్తా తీసి పైన పడేయండి."

"మరి టిక్కెట్టు..."

"అందరికీ ఎంతో ఆవిడకీ అంతే. నేను ధర పెంచినవాణ్ణి కదా. ఇప్పుడు తగ్గిస్తే మీ ఆయన మళ్లీ ఈల వేస్తాడు."

బస్సులో నవ్వులు. మా అత్తగారు తన పావడాల మడతల్లోంచి తన డబ్బే తీసి ఇచ్చింది. ఒక కాలు మెట్టు మీద పెట్టి, మూట కోసం వెనక్కి చూసింది. ఆ మూట అప్పటికే సెవేరో భుజం మీద ఉంది. ఎప్పుడొచ్చాడో తెలియదు. నిచ్చెనెక్కి బస్సు పైన మూట పెట్టి తాడు కట్టాడు. ఒక ముడి వేశాడు. ఇంకో ముడి. ఆ మూటకు అన్ని ముళ్లు అక్కర్లేదు. క్యూ చివరిదాకా అందరూ ఆయన్నే చూస్తున్నారు. జుట్టులో చెవి పక్కన ఒక ఎర్ర కాగితం ముక్క ఇంకా అంటుకునే ఉంది.

"తమ్ముళ్లూ!" అన్నాడు పైనుంచి.

"అయ్యబాబోయ్, మళ్లీనా!" అని ఎవరో మూలిగారు.

దోన్ కసిమీరో కిటికీలోంచి తల బయటపెట్టాడు. "ఉపన్యాసమైతే ముందే చెప్పు నాయనా, ఇంజను ఆపేస్తాను. పెట్రోలు ఖరీదు!"

ఆపేశాడు. సెవేరో టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"ఉపన్యాసం కాదన్నా. ఆగిపోయిన బండికి చవక పెట్రోలెందుకని నువ్వు సరిగ్గానే చెప్పావు. నిన్ను బయటికి పంపమని అరిచింది నేను. ట్యాంకరుకు బీరు పోసి, కన్నతల్లిని రోడ్డు మీద కూర్చోబెట్టిందీ నేనే. తప్పు నాదే. ఇంకెవరిదీ కాదు."