ఏం కాదమ్మా అనే మిషను

కూతురికి ఆ పూట జావా ప్రోగ్రామింగ్ పరీక్ష. ఇంట్లోనే, కెమెరా ముందు. రెండో మనిషి కనిపించినా, గొంతు వినిపించినా రద్దు. పాసైతే ఉద్యోగం, లేదంటే మళ్ళీ ఆ పళ్ళ డాక్టరు దగ్గర రోగుల పేర్లు పిలుస్తూ కూర్చోవడమే.

అమ్మ నోరు ఊరుకోదని అందరికీ తెలుసు. అందుకని కూతురు పాత లాప్‌టాప్‌లో ఒక ప్రోగ్రాం రాసి వంటింటి బల్ల మీద పెట్టింది.

"నీ భయం ఏదైనా ఇందులో టైపు చెయ్యి. 'తిన్నావా' అన్న మాట ఉంటే 'తిన్నాను' అంటుంది. 'నిద్ర' ఉంటే 'బాగా పట్టింది' అంటుంది. ఇది ఇఫ్. రెండూ కాకపోతే 'ఏం కాదమ్మా' అంటుంది. ఇది ఎల్స్."

"నాకు రెండే భయాలని ఎవరు చెప్పారే నీకు?"

"మిగతావన్నీ ఆ ఎల్స్‌లోకే వస్తాయమ్మా. అదే దాని గొప్పతనం."

గొప్పతనమే మరి. ఇన్నేళ్ళుగా గుండెల్లో మోస్తున్న భయాలన్నిటినీ ఒకే గిన్నెలో పోసి మూత పెట్టేసింది మహాతల్లి.

కూతురు గదిలోకి వెళ్ళి తలుపు మూసుకుంది. అమ్మ అక్షరాలు వెతుక్కుంటూ టైపు చేసింది. కరెంటు పోతే? ఏం కాదమ్మా. ప్రశ్నలు అర్థం కాకపోతే? ఏం కాదమ్మా. కట్టుకున్నవాడు కూడా ఏనాడూ ఇంత ఓపిగ్గా జవాబు చెప్పలేదు. ఆవిడ ప్రాణం కాస్త కుదుటపడింది.

సరిగ్గా అప్పుడే బట్టలుతికే మిషను పైపు ఊడింది. నీళ్ళు వంటిల్లు దాటి కూతురి గది వైపు నడిచాయి. ఆ తలుపు వెనక నేల మీదే కరెంటు వైరు.

నీళ్ళొస్తున్నాయి.

ఏం కాదమ్మా.

గది దాకా వచ్చేశాయి!

ఏం కాదమ్మా.

"నీ మొహం" అనబోయి నోరు నొక్కుకుంది. కుళాయి కట్టేసింది. దుప్పట్లు, తువ్వాళ్ళు, చివరికి బీరువాలో దాచుకున్న కొత్త చీర కూడా తలుపు సందులో కుక్కి, వాటి మీదే చతికిలబడింది. ఒక్క చుక్క లోపలికి పోతే చాలు, పరీక్ష గంగలో కలిసినా సరే, తలుపు బాదేద్దామని చెయ్యెత్తే ఉంచుకుంది.

కూతురు తలుపు తీసి, ఆవిడ మీద పడబోయి ఆగింది.

"పాసయ్యానే అమ్మా! అయ్యో, ఇదేంటి? నన్ను పిలవచ్చు కదా!"

"పిలిస్తే నీ పరీక్ష ఉంటుందా? నీ మిషన్నే అడిగాను. ఇల్లు మునిగినా ఏం కాదట."

కూతురు నవ్వలేదు. వంటింట్లోంచి పాత లాప్‌టాప్ తెచ్చి, తడి నేల మీదే పక్కన కూర్చుని ఒళ్ళో పెట్టుకుంది.

"ఎల్స్‌లో మాట మార్చేస్తాను. ఏమని రాయమంటావు?"

"తెలియదని రాయి. తెలియనప్పుడు తెలియదనడం ముందు నేర్పు దానికి."