ఏమీ కాలేదుగా!

ఆరుగురికి రొట్టెలు కోసి, వెన్న రాసి, ఫ్లాస్కుల్లో టీ పోసి, చివరికి తన బూట్లు తొడుక్కునేసరికి రోస్‌విథా కోసం అందరూ బస బయట నిలబడి ఉన్నారు.

"మా ఆవిడ ముస్తాబయ్యేలోపు మంచు కరిగిపోతుంది," అన్నాడు ఆల్బిన్. వెంట వచ్చిన యాత్రికులు నవ్వారు. మొగుడూ పెళ్ళాం ఒకే ఏడు పరీక్ష రాసి మంచుకొండల గైడ్లయ్యారని ఆ నవ్వేవాళ్ళకి ఎవరు చెప్పాలి? పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆస్ట్రియాలోని ఈ టిరోల్ కొండల్లో అతను ముందు, ఆమె వెనక. "వెనకబడినవాళ్ళని చూసుకోవడం ఆడదానికి పుట్టుకతో అబ్బే విద్య," అనేది అత్త జీటా, అదేదో బిరుదు ఇస్తున్నట్టు.

రాత్రంతా గాలి వీచింది. గాలి మోసుకొచ్చి పోసిన మంచు పైకి గట్టిగానే కనిపిస్తుంది, కింద పట్టు ఉండదు. కనుమ కింది ఏటవాలు దగ్గరికి వచ్చేసరికి ఆమె స్కీల కింద మంచు ధబ్బుమని కుంగింది.

"ఆగండి! మంచు కుంగింది. ఇక్కడ దాటితే పైనున్న మంచంతా విరిగి మీద పడుతుంది, వెనక్కి పోదాం."

"మొదలెట్టింది," ఆల్బిన్ తల కూడా తిప్పలేదు. "ఇంట్లోనూ ఇంతే. పిల్లి దూకితే ఇంటికప్పు కూలిందంటుంది."

మళ్ళీ నవ్వులు. ఆ నవ్వుల్లో తనూ ఎన్నిసార్లు కలిసింది! నలుగురిలో రచ్చెందుకని, మొగుడి పరువని నోరు మూసుకుని నడిచింది. ఇవాళ కాళ్ళు కదల్లేదు. ఒళ్ళు మండింది.

"నేను దాటను. నాతో వచ్చేవాళ్ళు రండి."

గెర్లిండె అనే పళ్ళ డాక్టరు ఒక్కతే ఆమె పక్కకొచ్చి నిలబడింది. మిగతా ఐదుగురూ ఆల్బిన్ వెంట కదిలారు. "కనీసం ఒక్కొక్కరే దాటండి!" అని రోస్‌విథా గొంతు చించుకుంది. కబుర్లు చెప్పుకుంటూ గుంపుగానే దాటారు. ఆమె ఊపిరి బిగబట్టి చూసింది. కొండ మెదల్లేదు.

సాయంత్రం అందరూ బసకి తిరిగొచ్చాక ఆల్బిన్ గ్లాసు ఎత్తాడు. "చూశారా, ఏమీ కాలేదుగా!"

ఆమె అప్పుడు సూప్ వడ్డిస్తోంది. ఏమీ కాలేదు. ఏడో నెలలో తనచేత పిండి బస్తాలు మోయించినప్పుడూ ఇదే మాట. ఒళ్ళు కాలిపోతుంటే బసనిండా ఉన్నవాళ్ళకి వండించినప్పుడూ ఇదే మాట. తను చావలేదు కనుక అతని తప్పేమీ లేదు. కొండ ఇవాళ ఊరుకుంది కనుక అతను మొనగాడు. ఊరుకోవడాన్ని ఒప్పుకోవడం అనుకునే మనిషితో ఇన్నేళ్ళు ఎలా నడిచింది!

గరిటె పక్కన పెట్టేసింది.

"రేపు ముందు నేను నడుస్తాను. ఒక్కరు వద్దన్నా అందరం వెనక్కి తిరుగుతాం. ఇష్టమున్నవాళ్ళు రండి."

బల్ల దగ్గర గెర్లిండె ఒక్కతే చెయ్యెత్తింది. ఆల్బిన్ పగలబడి నవ్వాడు.

"మరి వెనక ఎవరు నడుస్తారు, మహారాణీ?"

"నువ్వు," అంది రోస్‌విథా. "భయమేస్తే ఆగమను, ఆగుతాను. ఎవరూ నవ్వరు."