రేవులో కలిసిన వరస

నేను ఒక రాత మిషన్ను. సిరా ఎరగను, రిబ్బను ఎరగను. టైపు మిషన్లకు ఉన్నట్టు నాకు అక్షరానికొక మీట లేదు. ఆరు మీటలు, మాటల మధ్య ఖాళీ వదలడానికి ఇంకొకటి, అంతే. హార్మోనియం మీద స్వరాలు పట్టినట్టు ఆ ఆరింటిలో కావలసినవి ఒక్కసారిగా నొక్కాలి. అప్పుడు దళసరి కాగితం మీద చుక్కలు పొంగుతాయి. ఒక్కొక్క చుక్కల గుంపు ఒక్కొక్క అక్షరం. చూపు లేనివాళ్లు వాటిని వేళ్లతో తడిమి చదువుకుంటారు. బ్రెయిలీ అంటారు ఆ లిపిని.

నేను పుట్టింది జర్మనీలో, కొండవాలున ఉన్న చిన్న ఊళ్లో. నన్ను బిగించినవాళ్ల ముఖాలు గుర్తు లేవు కాని, చివర్న పరీక్ష చేసినావిడ చేతులు గుర్తున్నాయి. ఆవిడకూ చూపు లేదు. నాలుగు పంక్తులు రాసి, తడిమి, ఒక మీట బిగువుగా ఉందని వెనక్కి పంపింది. రెండోసారి రాశాక నా వీపు మీద నెమ్మదిగా తట్టింది. ఆ ఊరి చర్చికి వచ్చేవాళ్లు చందాలు వేసుకుని నన్ను కొన్నారు. విశాఖపట్నంలో ఉన్న ఒక అంధ బాలికల బడికి కానుకగా ఓడ ఎక్కించారు.

వెయ్యిన్నీ తొమ్మిదివందల ఎనభైనాలుగు డిసెంబరులో రేవులో దిగాను. దిగాక తెలిసింది, ప్రయాణంలో సులువైన భాగం సముద్రమేనని.

తెలుగువాళ్లకు ఒక అలవాటుంది. కొత్త మనిషి ఎదురైతే ముందు వరస కలుపుతారు. బాబాయి వరసో, బావ వరసో తేలితే గాని ఎలా పలకరించాలో, ఎంత మర్యాద చెయ్యాలో తోచదు. సుంకాల ఆఫీసులోనూ అంతే. అక్కడ లావుపాటి పుస్తకం ఒకటి ఉంటుంది. లోకంలో ఉన్న ప్రతి వస్తువుకూ అందులో ఒక వరస, వరసకొక అంకె, అంకెకు ఎదురుగా ఎంత సుంకమో ఉంటాయి. గొడుగుకొక చోటు, గొడుగు కర్రకు వేరే చోటు. ఓడ దిగిన వస్తువు ఏ వరసదో తేల్చేవరకూ గేటు దాటదు. అలా తేల్చే అధికారిని అప్రైజరు అంటారు. నా పాలబడినాయన పేరు ముకుందం గారు.

నా కాగితాలు నడిపింది గవర్రాజు అనే ఏజెంటు. మంచివాడు. ఆ మంచితనమే కొంప ముంచింది. సుంకాల ఆఫీసుకిచ్చే కాగితంలో నన్ను అతడు 'టైపు మిషను' అని రాశాడు. ఆ వరసలో సుంకం బడి టీచరమ్మ ఏడాది జీతాన్ని మించిపోయింది. కట్టకపోతే నెల తరవాత వేలం.

ముకుందం గారు నన్ను బల్ల మీద పెట్టించి, కాగితం దూర్చి, ఒక్కొక్క మీటే గట్టిగా నొక్కి చూశారు.

"ఇదేమిటయ్యా గవర్రాజూ, ఎంత కొట్టినా ఒక్క అక్షరం పడదేం?"

"సముద్రం మీంచొచ్చింది కదా బాబూ, సిరా ఎండిపోయుంటాది."

"కాగితం మాత్రం పొక్కులెక్కింది." ఆయన కలం తీసి 'టైపు మిషను, పనిచేయదు' అని రాశారు. నేను పనిచేయకపోయినా సుంకం పనిచేస్తూనే ఉంటుందట.

మూడో రోజున బడి టీచరు కరుణమ్మ గారు రెండు బస్సులు మారి, చేతికర్రతో దారి తడుముకుంటూ వచ్చారు. పుట్టుకతోనే చూపు లేని మనిషి. వస్తూనే నా మీద చెయ్యి వేశారు. ఓడలో నెలరోజులు ఊగిన నా మీటలు ఆ వేళ్ల కింద కుదుటపడ్డాయి.

"గవర్రాజు గారూ, టైపు మిషనని ఎందుకు రాశారండీ? చుక్కల మిషనని చెప్పాను కదా."

"సెప్పేరు టీచరమ్మా. సుక్కల మిషనని రాస్తే సారా బట్టీ అనుకుంటారని బయమేసింది. పరువుగా ఉంటాదని టైపు మిషనని రాసేను."

ముకుందం గారు దగ్గుతున్నట్టు జేబురుమాలు అడ్డం పెట్టుకున్నారు. కరుణమ్మ గారు నవ్వలేదు. "సార్, ఈసారి మా పిల్లలు ఆరుగురు పదో తరగతి పరీక్షకు కూర్చుంటున్నారు. పుస్తకాలు లేవు. నేను బ్రెయిలీ పలకలో కాగితం బిగించి, పుల్లతో ఒక్కొక్క చుక్కే పొడిచి రాస్తున్నాను. సోషలు సగం కూడా అవలేదు. ఇది చేతికొస్తే మార్చికల్లా అన్నీ రాసిపెడతాను."

అంధుల సాధనాలకు మినహాయింపు జాబితా వేరే ఉంది. ఆ సంగతి ముకుందం గారికీ తెలుసు. కాని ఓడ దిగే ప్రతి వస్తువూ తాను కాని దాన్నని చెప్పుకుంటుందని ఆయన అనుభవం. కిందటేడు ఎవరో వాద్యాలని చెప్పి రేడియోలు దింపారు.

కరుణమ్మ గారు నాతో ఒక పంక్తి రాసి, తడిమి, చదివి వినిపించారు.

"మీరే రాసి మీరే చదివితే ఎలా నమ్మేదమ్మా? కంఠతా పట్టి అప్పజెప్పినా ఇలాగే ఉంటుంది."

"నిజమేనండీ. అయితే మీరు రాయండి. నాకు చెప్పకండి. నేను వరండాలో కూర్చుంటాను."

నా పెట్టెలో చూపున్నవాళ్ల కోసం ఒక అట్ట ఉంది. ఇంగ్లీషు అక్షరాలు, వాటి కింద చుక్కలు. ముకుందం గారు కళ్లజోడు సవరించుకుని అది చూస్తూ మొదలుపెట్టారు. వేళ్లు మొరటువే, కాని ఈసారి కలిపి నొక్కారు. ఒక్కొక్క అక్షరానికీ ఆగారు. ఆరు అక్షరాలయ్యాక కాగితం వెంటనే తియ్యలేదు. కాసేపు నా మీద చెయ్యి అలాగే ఉంచారు.

కరుణమ్మ గారు లోపలికొచ్చి ఆ కాగితం మీద చూపుడువేలు నడిపించారు. "వ... అ... న... అ... జ... అ." ఆగి, మళ్లీ తడిమారు. "సార్, ఇంగ్లీషు స్పెల్లింగు చూసి కొట్టారు కదూ? మన తెలుగులో 'వ' అంటేనే అందులో 'అ' ఉంది. మళ్లీ వెయ్యక్కర్లేదు. వనజ. మూడక్షరాలు చాలు. ఎవరండీ?"

"మా ఆవిడ," అన్నారు ముకుందం గారు. "పోయి ఎనిమిది నెలలైంది."

గవర్రాజు బయట క్రేను వైపు చూస్తూ నిలబడ్డాడు. కరుణమ్మ గారు ఇంకో కాగితం నాలో దూర్చి, "మళ్లీ కొట్టండి. పేరులో తప్పుండకూడదు," అన్నారు. ఆయన కొట్టారు. ఆవిడ తడిమి, "ఇప్పుడు సరిగ్గా ఉంది," అన్నారు.

"మీరు సూటిగా వనజ అని చదివేస్తే ఎవరో అందించారనుకునేవాణ్ణి. నా తప్పు పట్టుకున్నారు. ఇంక సాక్ష్యం ఎందుకు?" అని ముకుందం గారు 'టైపు మిషను' కొట్టేసి, దాని పక్కన 'అంధులు వేళ్లతో చదువుకునే అక్షరాలు రాసే యంత్రం' అని గుండ్రంగా రాశారు. పుస్తకంలో నా వరస మారింది. సుంకం గీత మీద సున్న పడింది.

"ఆ పేరైతే పోలీసులొచ్చినా బయం లేదు బాబూ," అన్నాడు గవర్రాజు.

ఆ చలికాలమంతా బడిలో నాకు నిద్ర లేదు. నేను రాయడానికి సిద్ధమే, కరుణమ్మ గారి వేళ్లూ సిద్ధమే, అచ్చు పుస్తకం చదివి చెప్పడానికి మాత్రం కళ్లున్న మనిషి కావాలి. ఒక ఆదివారం ముకుందం గారు సంచిలో సోషలు పుస్తకం పెట్టుకుని వచ్చారు. నదుల పేర్లు, పంటల పేర్లు ఆఫీసు ఫైలు చదివినట్టు తడబడకుండా చదివేవారు. మధ్యలో మజ్జిగ. ఆరుగురిలో ఐదుగురు మార్చిలోనే గట్టెక్కారు. ఒకమ్మాయి లెక్కల్లో తప్పి, సెప్టెంబరులో గట్టెక్కింది. ఆ అమ్మాయి పేరు దమయంతి. ముకుందం గారు రిటైరయ్యాక కూడా చాలా ఏళ్లు ఆదివారాలు వచ్చారు. తరవాత ఒక ఆదివారం రాలేదు. కరుణమ్మ గారు ఆ రోజు కాగితం ఎక్కించి, చాలాసేపు కూర్చుని, దించేశారు.

తరవాత మాట్లాడే కంప్యూటర్లు వచ్చాయి. నా స్ప్రింగులు అలిసిపోయాయి. బడికి యాభై ఏళ్లు నిండినప్పుడు నన్ను తుడిచి, నూనె వేసి, ముందు గదిలో అద్దాల బీరువాలో పెట్టారు. అచ్చక్షరాలతో ఒక చీటీ కూడా అంటించారు. అతిథులు చూసి మెచ్చుకున్నారు. పిల్లలు నా ముందునించే రోజూ తరగతికి వెళ్లేవారు. నేనున్నట్టు వాళ్లకు తెలియదు.

పోయినేడు దమయంతి ఆ బడికి హెడ్మిస్ట్రెస్‌గా వచ్చింది. మొదటి రోజునే బీరువా తడిమి చూసి, చల్లగా అద్దం తగిలేసరికి అటెండరును పిలిచింది.

"ఈ అద్దం ఎవరి కోసమండీ?"

"దుమ్ము పడకుండానమ్మా."

"పడనీండి. తుడుచుకుందాం."

సాయంత్రానికల్లా అద్దం ఊడదీశారు. నన్ను పిల్లల నడుం ఎత్తున ఒక బల్ల మీద పెట్టారు. ఇప్పుడు రోజంతా నా మీద వేళ్లే. కొందరు దడదడ బాదుతారు, కొందరు భయంభయంగా ముట్టుకుంటారు. నిన్న ఆరో తరగతిలో కొత్తగా చేరిన పిల్ల ఒకతె కాగితం లేకుండానే చాలాసేపు ఏదో రాసింది. "ఏం రాశావే?" అని పక్కపిల్ల అడిగితే, "ఏం లేదే," అంది.

నాకు తెలుసు. చెప్పను.